మన తాతలు ఎందుకు పరుగెత్తుతున్నారు? పాత ఇంటి ఫిల్ముల వేగం వెనక ఉన్న చరిత్ర



ఈ మధ్య మన కుటుంబాలవాళ్ళు చాలామంది అటక మీద ఉన్న పాత పెండ్లి ఫిల్ములను, వీడియో క్యాసెట్లను దించి, కంప్యూటర్‌లోకి మార్పించి అందరికీ చూపిస్తున్నారు. చాలా మంచి పని. అయితే వాటిలో తరచుగా ఒక లోపం కనిపిస్తోంది. పందిట్లో పెద్దవాళ్ళు గబగబా అడుగులు వేస్తారు. తాంబూలం ఇచ్చే చెయ్యి ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. నాదస్వరం వాయించే ఆయన బుగ్గలు కొలిమి తిత్తుల మాదిరి కొట్టుకుంటాయి. చూసిన పిల్లలు చార్లీ చాప్లిన్ సినిమా అని నవ్వుతారు. క్యాసెట్లలో తేడా ఇంకొక విధంగా ఉంటుంది. బొమ్మ బాగానే ఉన్నట్టు ఉంటుంది, గొంతు మాత్రం మనిషిది కాదు. లేదంటే పురోహితుడి నోరు ముందు, మంత్రం వెనక.

మన పెద్దవాళ్ళు అలా పరుగెత్తిన మనుషులు కారు. వాళ్ళ చేత అలా పరుగెత్తించింది యంత్రాలు. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే దాన్ని సరిచేయడం చేతికందే పనే. ఎందుకో తెలియాలంటే 130 ఏళ్ళ వెనక్కి పోవాలి.

సినిమా అనేది కదిలే బొమ్మ కాదని మనందరికీ తెలుసు. కదలని బొమ్మలను వరసగా, వేగంగా చూపిస్తే మన కన్ను వాటిని కలిపి కదలికగా తీసుకుంటుంది. ఒక్కొక్క బొమ్మ ఒక ఫ్రేము. సెకనుకు ఎన్ని ఫ్రేములు తీశారో అన్నే చూపిస్తే మనిషి మామూలుగా నడుస్తాడు. తీసినదాని కంటే ఎక్కువ చూపిస్తే పరుగెత్తుతాడు, తక్కువ చూపిస్తే తేలుతాడు. వేగం సమస్యలన్నిటికీ మూలం ఈ ఒక్క లెక్కే. చిక్కంతా ఎక్కడ వచ్చిందంటే, సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నదాని మీద లోకమంతటికీ ఒక ఒప్పందం ఎన్నడూ లేదు.

మేము రైల్వేలో గుమాస్తాగా చేరిన రోజుల్లో మద్రాసు ఎగ్మూరు మీటర్ గేజి, సెంట్రల్ బ్రాడ్ గేజి. ఒకటి 1000 మిల్లీమీటర్లు, ఇంకొకటి 1676 మిల్లీమీటర్లు. ఒకే ఊరిలో రెండు స్టేషన్లు, కానీ ఇక్కడి వ్యాగన్ అక్కడి పట్టాల మీద పోదు. సరుకును దించి మళ్ళీ ఎక్కించాలి. దానికి ట్రాన్స్‌షిప్‌మెంట్ అని పేరు. మూట చిరిగేదీ, లెక్క తప్పేదీ అక్కడే. సినిమా ఫ్రేముల కథ కూడా అచ్చం ఇటువంటి గేజిల కథే.

అమెరికాలో ఎడిసన్ వాళ్ళ కినెటోస్కోపు సెకనుకు 40 ఫ్రేములకు పైగా పోయేది. ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరులు 16 చాలన్నారు. ఫిల్ము తక్కువ పడుతుంది, యంత్రమూ తేలిక. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో టికెట్టు పెట్టి చూపించారు. 1896 జూలై 7న అదే యంత్రం బొంబాయి వాట్సన్ హోటల్‌కు వచ్చింది. అప్పుడు మోటారు లేదు. చేతితో పిడి తిప్పాలి. ఒక చుట్టుకు 8 ఫ్రేములు, సెకనుకు రెండు చుట్లు, అంటే 16. కాని మనిషి చెయ్యి గడియారం కాదు. కెమెరామెన్ అలసిపోతే నెమ్మది, రంగం ఉత్సాహంగా ఉంటే వేగం. ఇక ప్రదర్శించే చోట, ఇంకొక ఆట వేసుకోవాలనుకుంటే ప్రొజెక్టర్ తిప్పే ఆయన చెయ్యి ఇంకొంచెం వేగంగా తిరిగేది. మూకీలన్నీ గంతులు వేస్తాయన్న పేరు ఇలాగే వచ్చింది. ఆ రోజుల ప్రేక్షకులకు అది అంత గంతుగా కనపడలేదు. తరువాతి కాలంలో 16 దగ్గర తీసిన ఫిల్మును 24 వేగంలో నడిపినందువల్ల మనకు అలా కనిపిస్తోంది. ఒకటిన్నర రెట్లు వేగం.

ఇక్కడ మన దక్షిణాదివాళ్ళను ఇద్దరిని తలచుకోవాలి. ఒకరు కోయంబత్తూరు సామికన్ను విన్సెంట్. తిరుచిరాపల్లిలో సౌత్ ఇండియన్ రైల్వే ఉద్యోగి. 1905లో డ్యూపాంట్ అనే ఫ్రెంచి ఆయన దగ్గర ప్రొజెక్టరూ ఫిల్ములూ కొని, ఉద్యోగం వదిలి ఊరూరా డేరా వేసి సినిమా చూపించారు. తరువాత కోయంబత్తూరులో వెరైటీ హాల్ కట్టారు. రైల్వే మనిషి అన్న అభిమానంతో ఆయన పేరు ఎత్తకుండా ఉండలేకపోయాము.

రెండవ ఆయన మనకు ఇంకా దగ్గర. మచిలీపట్నంలో 1869లో పుట్టి, మద్రాసు వచ్చి ఫోటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య నాయుడు. 1910 ప్రాంతంలో ఆయన క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. ఫ్రాన్స్‌లోని గోమాన్ వాళ్ళది. ఒక పక్క ఫిల్ము తిరుగుతుంది, ఇంకొక పక్క గ్రామఫోను రికార్డు తిరుగుతుంది, గాలి ఒత్తిడితో శబ్దాన్ని పెద్దది చేస్తుంది. టాకీ రావడానికి 20 ఏళ్ళ ముందే బొమ్మకు గొంతు ఇచ్చే ప్రయత్నం అది. దాన్ని పట్టుకొని ఆయన దక్షిణాది ఊళ్ళే కాక బర్మా, సిలోన్ కూడా తిరిగారు. మద్రాసు మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటర్ కట్టారు. ఆయన పేరు మీద అవార్డు ఉందని తెలిసినవాళ్ళు కూడా ఆ యంత్రం ఎదుర్కొన్న కష్టాన్ని తలచుకోరు. ఫిల్ము ఒక వేగంలో, రికార్డు ఒక వేగంలో తిరిగితే పెదవి ఒకటి, పాట ఒకటి అయిపోతుంది. మన పెండ్లి క్యాసెట్‌లో పురోహితుడి నోరూ మంత్రమూ విడిపోయినప్పుడు మనం పడే బాధ, ఆయన డేరాలో నిలబడి 110 ఏళ్ళ ముందే పడిన బాధే.

టాకీ వచ్చినప్పుడు ఈ స్వేచ్ఛ ఆగిపోయింది. కన్ను వేగంలో చిన్న తేడాను క్షమిస్తుంది. చెవి క్షమించదు. వేగం మారితే శ్రుతి మారుతుంది. అందుకని 1926లో వైటాఫోన్ వాళ్ళు నిమిషానికి 90 అడుగుల ఫిల్ము అని నిర్ణయించారు. 35 ఎం.ఎం. ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. లెక్క వేస్తే సెకనుకు 24. అదే లోకానికి నిలిచిపోయింది. 1931 అక్టోబర్ 31న వచ్చిన 'కాళిదాసు' నుంచి మన సినిమాలన్నీ ఆ 24 మీదే నడిచాయి. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ఆ ఒక్క సినిమాలోనే తమిళమూ వినిపించింది, తెలుగూ వినిపించింది. అంటే ఈ నేల మీద టాకీ పుట్టినప్పుడే మన ఇంటి మాదిరి పుట్టింది.

థియేటర్లో ఒప్పందం కుదిరినా ఇంటి కెమెరాకు అది రాలేదు. కోడక్ వాళ్ళు 1932లో 8 ఎం.ఎం. ఫిల్మును తెచ్చారు. శబ్దం లేదు కనుక 16 ఫ్రేములే, ఖర్చు తగ్గుతుంది. 1965లో సూపర్ 8 వచ్చింది. దానికి 18. ఒక సూపర్ 8 కార్ట్రిడ్జిలో 50 అడుగులు, 3600 ఫ్రేములు. 18తో భాగిస్తే 200 సెకన్లు. మూడు నిమిషాల ఇరవై సెకన్లు. రెండు రోజుల పెండ్లిని ఆ మూడు నిమిషాలలో పట్టాలి. అందుకే ఆ ఫిల్ములలో ఒక్కొక్క మనిషి రెండు మూడు సెకన్లే కనిపిస్తాడు. ఆ రెండు మూడు సెకన్లను కూడా పరుగెత్తిస్తే ఇంక మనకు మిగిలేది ఏముంది?

తరువాత వచ్చినది టీవీ. టీవీకి వేగాన్ని నిర్ణయించింది కరెంటు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, దానిలో సగం 25 ఫ్రేములు. అమెరికా కరెంటు 60, అక్కడ 30. 1953లో వాళ్ళు రంగుల టీవీ తెచ్చినప్పుడు దాన్ని 29.97కు తగ్గించారు. మద్రాసు దూరదర్శన్ 1975లో మొదలైంది, రంగు 1982లో వచ్చింది, మనది 25 ఫ్రేముల పాల్ పద్ధతి. 24లో తీసిన సినిమాను 25లో చూపితే 150 నిమిషాల సినిమా 144 నిమిషాలలో అయిపోతుంది, గొంతు కొంచెం పైకి పోతుంది. ఎవరూ గమనించలేదు. కానీ 16లో, 18లో తీసిన ఇంటి ఫిల్మును అదే 25 మీద ఎక్కిస్తే గమనించకుండా ఉండలేము. 18 ఫ్రేములది దాదాపు 1.4 రెట్లు పరుగెత్తుతుంది. 16 ఫ్రేములది 1.56 రెట్లు.

ఇప్పుడు మన అటక మీద ఉన్న పెట్టెకు వద్దాం. అందులో నాలుగు గేజిల సరుకు కలిసి ఉంటుంది. సింగపూరు, మలేషియా పోయివచ్చినవాళ్ళ 8 ఎం.ఎం. రీళ్ళు. 1980ల తరువాతి వీహెచ్ఎస్ పెండ్లి క్యాసెట్లు. అమెరికాలో ఉన్న బిడ్డలు పంపిన 29.97 క్యాసెట్లు. చివరగా సెల్‌ఫోన్ వీడియోలు. వీటినన్నిటినీ ఒకే టైమ్‌లైన్ మీద పెట్టి 'తాత నూరేళ్ళ వేడుక' అని ఒక వీడియో చేయాలనుకుంటారు. ట్రాన్స్‌షిప్‌మెంట్ జరిగేది అక్కడ. మూట చిరిగేదీ అక్కడే.

సరిచేసే పద్ధతి చెబుతాము. మొదట అసలు వేగం కనిపెట్టాలి. ఫిల్ము మీద వేగం రాసి ఉండదు. రీలును వెలుతురుకు పట్టి చూడండి. పక్కన ఉన్న రంధ్రాలు పెద్దవిగా, రెండు ఫ్రేముల నడుమ గీత దగ్గర ఉంటే పాత 8 ఎం.ఎం., మొదట 16 అనుకోవాలి. రంధ్రాలు చిన్నవిగా, ఫ్రేము మధ్యకు ఎదురుగా ఉంటే సూపర్ 8, మొదట 18 అనుకోవాలి. తరువాత ఇప్పుడు ఆ ఫైలు ఎంతలో ఆడుతోందో చూడాలి. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిస్తే సెకనుకు ఎన్ని ఫ్రేములో చెబుతుంది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. రీలులోని ప్రతి ఫ్రేమూ ఫైలులో ఒక్కసారే ఉంటేనే ఈ లెక్క పనిచేస్తుంది. ఫైలును ఒక్కొక్క ఫ్రేముగా ముందుకు జరిపి చూడండి. అదే బొమ్మ రెండుసార్లు వస్తుంటే, మార్చినవాళ్ళు అప్పుడే కొంత సరిచేశారని అర్థం.

లెక్క ఇది. అసలు ఫ్రేములను ఇప్పటి ఫ్రేములతో భాగించి 100తో గుణించాలి. ఆ శాతాన్ని స్పీడ్ అన్నచోట పెట్టాలి.

16లో తీసినది 25లో ఆడుతుంటే: 64 శాతం
18లో తీసినది 25లో ఆడుతుంటే: 72 శాతం
16లో తీసినది 24లో ఆడుతుంటే: 66.67 శాతం
18లో తీసినది 24లో ఆడుతుంటే: 75 శాతం
18లో తీసినది 30లో ఆడుతుంటే: 60 శాతం

అయితే కెమెరా చెప్పిన వేగంలోనే తిరిగిందని ఏమిటి నమ్మకం? స్ప్రింగ్ బిగించే కెమెరాలో స్ప్రింగ్ వదులయ్యేకొద్దీ, బ్యాటరీ కెమెరాలో సెల్లు తగ్గేకొద్దీ వేగం తగ్గవచ్చు. కెమెరా నెమ్మదిస్తే తెర మీద మనిషి ఇంకా పరుగెత్తుతాడు. కాబట్టి బొమ్మలోనే సాక్ష్యం వెతకాలి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు కనిపిస్తే అదృష్టం. మన పెండ్లి ఫిల్ములలో దాని కంటే మంచి సాక్ష్యం ఒకటి ఉంది. తలంబ్రాలు. పైనుంచి వదిలిన బియ్యం ఒక మీటరు కిందికి పడడానికి దాదాపు 0.45 సెకను పడుతుంది. అది రాజు పెండ్లిలో అయినా, కూలివాడి పెండ్లిలో అయినా అంతే. పెండ్లికూతురి తల మీది నుంచి ఒడి దాకా సుమారు మీటరు అనుకోండి. బియ్యం చేతి నుంచి జారిన ఫ్రేము నుంచి ఒడిలో పడిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. 7 ఫ్రేములు వస్తే కెమెరా 16 దగ్గర తిరిగింది. 8 వస్తే 18. 11 వస్తే 24. బియ్యం విసరకుండా, చేతి నుంచి జారవిడిచిన చోటు చూసుకోవాలి. రెండు మూడు చోట్ల లెక్కపెట్టి సరాసరి తీసుకోవాలి.

క్యాసెట్లకు వేరే సాక్ష్యం ఉంది. పెండ్లి మైకులో, టేపు రికార్డర్లో సన్నగా 'మ్...' అని కరెంటు హమ్ పడి ఉంటుంది. మన కరెంటుది 50, దాని రెట్టింపు 100 హెర్ట్జ్. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రమ్ చూస్తే ఆ హమ్ ఎక్కడ ఉందో తెలుస్తుంది. 100 ఉండవలసినది 104 దగ్గర ఉంటే టేపు సుమారు 4 శాతం వేగంగా ఎక్కింది. ఆ రోజు మన ఊరి కరెంటే ఇప్పుడు మనకు గడియారం.

సరిచేసేటప్పుడు జాగ్రత్తలు కొన్ని. డావిన్చి రిజాల్వ్ వాడేవాళ్ళు క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లోకి పోయి ఫ్రేము రేటునే మార్చుకోవచ్చు. టైమ్‌లైన్ రేటు మాత్రం మొదటే నిర్ణయించుకోవాలి, క్లిప్పులు పెట్టిన తరువాత మారదు. మన దేశంలో చూడడానికి 25 చాలు. 18 ఫ్రేములు 25లో కూర్చోవాలంటే సెకనుకు 7 ఫ్రేములు రెండుసార్లు రావాలి. కొంచెం తడబాటు కనిపిస్తుంది, పరవాలేదు. దాన్ని నున్నగా చేస్తామని ఆప్టికల్ ఫ్లో, ఏఐ వంటివి వస్తున్నాయి. అవి రెండు ఫ్రేముల నడుమ లేని బొమ్మను తామే గీసి పెడతాయి. పండుగ వీడియోకు వాడుకోండి, తప్పులేదు. సంఘం భద్రపరిచే ప్రతికి మాత్రం వద్దు. అవ్వ ముఖంలో అవ్వకు లేని కదలిక మనకెందుకు?

1990లలో 8 ఎం.ఎం. రీళ్ళను క్యాసెట్టుకు మార్చినప్పుడు స్టూడియోలవాళ్ళు ఒక సినిమా పాట కూడా వెనక పెట్టి ఇచ్చేవారు. బొమ్మను 72 శాతానికి తగ్గిస్తే ఆ పాట కూడా ఈడ్చుకుంటుంది. ముందు శబ్దాన్ని బొమ్మ నుంచి విడదీసి, తరువాత వేగం మార్చండి. అసలు టేపే వేగంగా ఎక్కినప్పుడు దీనికి ఎదురు. శబ్దమూ బొమ్మా కలిసే తగ్గాలి, శ్రుతి కూడా దిగాలి. చాలా సాఫ్ట్‌వేర్లలో శ్రుతి మారకుండా కాపాడే గుర్తు ఒకటి ఉంటుంది. అప్పుడు దాన్ని తీసేయాలి. తీయకపోతే మాట నిదానిస్తుంది, గొంతు మాత్రం సన్నగానే ఉండిపోతుంది.

శబ్దానికి కూడా గేజి ఉంది. వీడియోలో సెకనుకు 48,000 నమూనాలు, ఆడియో సీడీలో 44,100. ఒకదాన్ని ఇంకొకటి అనుకొని ఆడిస్తే గొంతు దాదాపు ఒకటిన్నర స్వరస్థానం తప్పుతుంది. ఇక అమెరికా క్యాసెట్ 29.97ను 30 అనుకొని బొమ్మను మాత్రం నడిపితే, గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. ముహూర్తం మొదట్లో అంతా సరిగానే ఉంటుంది, అప్పగింతల వేళకు ఏడుపు ఒకరిది, ముఖం ఇంకొకరిది అవుతుంది. సెల్‌ఫోన్లది ఇంకొక రకం. వెలుతురు తగ్గితే ఫోను తానే ఫ్రేములు తగ్గించుకుంటుంది. ఒక చోట 30, ఒక చోట 24. ఇటువంటి ఫైలును ఎడిటింగులో వేసే ముందు హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ అని పెట్టి మార్చుకోండి. షాట్‌కట్ వాడితే ఆ సాఫ్ట్‌వేరే అడిగి మారుస్తుంది.

ఇంత శ్రమ ఎందుకని కొందరు అడుగుతారు. మాకు తోచిన జవాబు ఇది. మన తరంలో తమిళ మాధ్యమంలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. తెలుగు అక్షరాలు మేము పెద్దయ్యాక కూడబలుక్కొని నేర్చుకున్నవే. నాయకుల కాలం నుంచి ఈ నేల మీద ఉన్న మన తెలుగు బడిలో లేదు, పేపరులో లేదు. "యాడికి పోతా ఉండావు" అని అవ్వ పిలిచిన పిలుపులో ఉంది. ఆ అవ్వ రాసినది ఒక్క ఉత్తరం కూడా మనకు లేదు. మనకు ఉన్న గ్రంథాలయం ఆ క్యాసెట్లే. ఒప్పగింతల పాటలో ఏ మాట దగ్గర ఆమె సాగదీసేది, ఎక్కడ ఊపిరి తీసుకొనేది అన్నది రేపు మన మనవళ్ళు నేర్చుకోవాలంటే ఆ వేగం సరిగా ఉండాలి. గ్రంథంలో అక్షరం తప్పు పడితే దిద్దుతాము. గొంతులో వేగం తప్పితే అదీ అక్షరదోషమే.

కాబట్టి అందరికీ ఒక మనవి. మార్పించిన తరువాత రీళ్ళను, క్యాసెట్లను పారేయవద్దు. ఎక్కించిన ఫైలును మార్చకుండా ఒక ప్రతి అలాగే పెట్టండి, దిద్దుడు ఇంకొక ప్రతిలో చేయండి. పెట్టె మీద ఒక చీటీ అంటించండి. ఏ పెండ్లి, ఏ ఏడు, ఏ ఫిల్ము, ఎన్ని ఫ్రేములు, ఎంత శాతం దిద్దారు అని. అందులో కనిపించే పెద్దవాళ్ళ పేర్లు చెప్పగలిగినవాళ్ళు మన మధ్య ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని, సరైన వేగంలో, నిదానంగా ఒకసారి చూపించండి. పరుగెత్తే మనిషిని గుర్తుపట్టలేని కళ్ళు నడిచే మనిషిని గుర్తుపడతాయి. నడక చూసి పేరు చెబుతారు. ఆ పేర్లు కూడా చీటీ మీద రాసుకోండి.

తలంబ్రాల లెక్క పట్టనివాళ్ళు, హమ్ చూడడం రానివాళ్ళు ఆదివారం సంఘం కట్టడానికి పెట్టె తీసుకొని రండి. కూర్చొని కలిసి చూద్దాం.